అందరూ కొంటున్నారని నేనూ మందులు కొంటున్నా.. ఈ భయం జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 41. మహమ్మారి మళ్లీ వస్తోందన్న మాట వింటేనే టెన్షన్. చుట్టుపక్కలవాళ్లు సంచుల నిండా మందులు తెచ్చుకోవడం చూస్తే గుండె దడదడలాడుతుంది. అవసరం లేదని తెలిసినా వెళ్లి కొంటున్నా. యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మాత్రలు కూడా దాచిపెట్టా. మూడు వారాలుగా నిద్ర సరిగా పట్టడం లేదు. ఇది మానసిక జబ్బా?
- ఒక పాఠకురాలు

సమాధానం: నలుగురినీ చూసి కొనడం జబ్బు కాదమ్మా. దీన్ని గొర్రెదాటు అని తేలిగ్గా తీసిపారేస్తుంటారు గానీ, ఏం చేయాలో తోచనప్పుడు పక్కవాళ్లను చూసి నడుచుకోవడం మనిషి నైజం. 1950ల్లో సాల్మన్ ఆష్ అనే మనస్తత్వవేత్త గీతల పొడవు పోల్చమని కొందరికి పరీక్ష పెట్టారు. ముందే మాట్లాడిపెట్టుకున్నవాళ్లు కావాలని తప్పు చెబుతుంటే, నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా తమ కళ్లను కాదని వాళ్లతో గొంతు కలిపారు. అక్కడ ప్రాణభయం లేదు. మీకు అదీ తోడైంది.

నన్ను కలవరపెడుతున్నది మీరు దాచిన మాత్రలు. యాంటీబయాటిక్స్ వైరస్ మీద పనిచేయవు. ఇక స్టెరాయిడ్! 2020లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కొవిడ్ రోగుల ప్రాణాలు కాపాడిన మాట నిజమే, కానీ ఆక్సిజన్ అవసరమైన రోగుల్లోనే. ఆ అవసరం లేనివాళ్లకు మేలు జరగలేదు, కీడు జరిగే అవకాశమూ కనిపించింది. జ్వరం రాగానే భయంతో వేసుకుంటే సుగర్ పెరుగుతుంది, ఇతర ఇన్ఫెక్షన్లకూ దారి దొరుకుతుంది.

అదే ఏడాది హైడ్రాక్సీక్లోరోక్విన్ కోసం జనం ఎగబడ్డారు. లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు), రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒకరకం కీళ్లవాతం) ఉన్నవాళ్లు క్రమం తప్పకుండా వాడాల్సిన మందు అది. చాలా దేశాల్లో వాళ్లకే దొరకలేదు. తీరా అది కొవిడ్‌ను తగ్గించదని పెద్ద ట్రయల్స్‌లో తేలింది. ఆ రోగులు పడ్డ అవస్థ తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఏ మందుల షాపైనా మామూలు అమ్మకాలను బట్టే సరుకు తెప్పిస్తుంది. అందరూ ఒకేసారి రెట్టింపు కొంటే, తయారీ తగ్గకపోయినా కొరత వచ్చిపడుతుంది.

బీపీ, సుగర్, ఆస్తమా లాంటివాటికి రోజూ వాడే మందులుంటే ఒక నెలకు సరిపడా ఉంచుకోండి. థర్మామీటర్, ఓఆర్ఎస్, ఒకటి రెండు స్ట్రిప్‌ల పారాసెటమాల్ చాలు. పెద్దవాళ్లకు పారాసెటమాల్ రోజు మొత్తంలో 4 గ్రాములు దాటకూడదు, లివర్ జబ్బుంటే ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లోనూ అది ఉంటుంది, లెక్క చూసుకోండి.

షాపుకెళ్లే ముందే చీటీ రాసుకోండి. చీటీలో లేనిది కొనాలనిపిస్తే మర్నాటికి వాయిదా వేయండి, చాలాసార్లు ఆ తొందర తగ్గిపోతుంది. వార్తలు రోజుకు ఒకసారి చూస్తే సరిపోతుంది, పడుకునే ముందు మాత్రం వద్దు.

అయితే మూడు వారాల నిద్రలేమిని వదిలేయకూడదు. దడకు భయమొక్కటే కారణమనీ అనుకోవద్దు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఈసీజీ పరీక్షలు చేయించుకోండి. అన్నీ బాగుంటే సైకియాట్రిస్టును కలవండి, కౌన్సెలింగ్‌తో ఇది బాగా తగ్గుతుంది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దాచిన మాత్రలన్నీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి చూపించండి. ఎవరైనా అడిగినా ఇవ్వొద్దు.