ర్యాపర్లు కొత్త పాటలు పక్కన పెట్టి వ్యాపారాల్లో ఎందుకు పడతారు?

సూటిగా చెప్పాలంటే, చాలామందికి పాటకన్నా కంపెనీ వాటాలోనే డబ్బు ఎక్కువ. పాటలు విడుదల చేసే కంపెనీ, అంటే లేబుల్, ముందు ఇచ్చే అడ్వాన్సు రాయల్టీల్లోంచి, అంటే పాట సంపాదనలో ర్యాపర్‌కి వచ్చే భాగంలోంచి తీరాలి. పైగా ప్రొడ్యూసర్‌కి, మేనేజర్‌కి ఇవ్వాల్సినవి ఇవ్వాలి. అన్నీ పోగా పాట హిట్టయినా చేతికొచ్చేది కొంతే.

అదే కంపెనీలో వాటా ఉంటే లెక్క మారిపోతుంది. 50 సెంట్ అనే ర్యాపర్ విటమిన్‌వాటర్ అనే పానీయానికి ప్రచారం చేస్తూ, ఫీజుతో సరిపెట్టుకోకుండా వాటా అడిగి తీసుకున్నాడు. 2007లో దాన్ని తయారుచేసే గ్లాసో కంపెనీని కోకా-కోలా 410 కోట్ల డాలర్లకు కొనేసింది. ర్యాపర్ డాక్టర్ డ్రే, మ్యూజిక్ ప్రొడ్యూసర్ జిమ్మీ అయోవిన్ కలిసి మొదలుపెట్టిన హెడ్‌ఫోన్ల కంపెనీ బీట్స్‌ని 2014లో యాపిల్ 300 కోట్ల డాలర్లకు తీసుకుంది. ఇక్కడ నష్టపోయింది అభిమానులే అంటాను. 1999 తర్వాత డ్రే నుంచి మరో సోలో ఆల్బమ్ రావడానికి 2015 దాకా పట్టింది. మధ్యలో ఊరించిన 'డీటాక్స్' ఆల్బమ్ అయితే అసలు రానేలేదు.

అందరూ డబ్బు కోసమే పక్కకి వెళ్తారనుకోకండి. వూ-టాంగ్ క్లాన్ అనే ర్యాప్ బృందానికి చెందిన రిజా, జిజాలకు చదరంగం పిచ్చి, అది వాళ్ల పాటల్లోకీ పాకింది. ర్యాపర్ లూపే ఫియాస్కో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో ర్యాప్ మీద పాఠాలు చెప్పాడు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఔట్‌కాస్ట్ అనే ర్యాప్ జోడీలోని ఆండ్రే 3000 చేసిన పని. 2023లో ఆయన తొలి సోలో ఆల్బమ్ అనగానే అంతా ర్యాప్ కోసం కాచుకు కూర్చున్నారు. తీరా చూస్తే ఒక్క ర్యాప్ లైను లేదు, అంతా వేణువే! మొదటి ట్రాకే 12 నిమిషాలు దాటుతుంది. ర్యాప్ ఆల్బమే చేద్దామనుకున్నా గాలి ఇటు తోసిందన్న సంజాయిషీని ఆ ట్రాక్ పేరులోనే పెట్టేశాడు.