మిక్సింగ్ ప్రశ్నలు: ఆ పాత నాబ్‌ల వెనక ఏముంది?

ప్రశ్న: నా మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన ఈక్యూలో (శబ్దంలోని ఒక్కో ఫ్రీక్వెన్సీ భాగాన్ని, అంటే బ్యాండ్‌ని, విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌లో) ఎన్ని బ్యాండ్‌లు కావాలంటే అన్ని ఉన్నాయి. అయినా పాత పరికరాన్ని పోలిన ఈక్యూ ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కి జోడించే చిన్న ప్రోగ్రామ్) ఒకటి వోకల్ మీద పెట్టగానే, ఇంకా ఏ నాబూ ముట్టుకోకముందే, గొంతు నిండుగా వినిపిస్తోంది. ఇది నిజమా, నా భ్రమా?

జవాబు: రెండూ కావచ్చు, అందుకే ముందు లెవెల్‌ని అనుమానించండి. ఇలాంటి ప్లగిన్‌లు కొన్ని, పెట్టీ పెట్టగానే సౌండ్‌ని ఒక అర డెసిబెల్ పెంచుతాయి. అంత చిన్న తేడాని మన చెవి 'గట్టిగా ఉంది' అనుకోదు, 'బాగుంది' అనుకుంటుంది. పైగా సౌండ్ పెరిగేకొద్దీ బేస్ మనకి ఇంకా ఎక్కువగా వినిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే ఈ సంగతిని కొలిచి గ్రాఫ్‌లు గీశారు. కాబట్టి ప్లగిన్ ఔట్‌పుట్ తగ్గించి, బైపాస్ చేసినా (అంటే దాన్ని కాసేపు పక్కన పెట్టినా) చేయకపోయినా ఒకే లెవెల్ ఉండేలా సరిచేసుకుని, కళ్ళు మూసుకుని బైపాస్ బటన్‌ని ఎన్నిసార్లు నొక్కారో లెక్క పెట్టకుండా నొక్కి, అప్పుడు వినండి. చాలాసార్లు ఆ నిండుతనంలో సగం అక్కడే పోతుంది.

మిగిలిన సగం ఏమిటో తెలియాలంటే ట్రాక్‌ని డూప్లికేట్ చేసి, ఒకదాని మీద మాత్రం ప్లగిన్ పెట్టి, దాని పోలారిటీ తిప్పేయండి, అంటే తరంగాన్ని తలకిందులు చేయండి. రెండూ కలిపి ప్లే చేస్తే ఒకేలా ఉన్నదంతా రద్దయిపోయి, ప్లగిన్ మార్చినది మాత్రమే మిగులుతుంది. పాటే చిన్నగా వినిపిస్తే లెవెల్ ఇంకా కుదరలేదేమో చూసుకోండి. గరగరలాంటి శబ్దం మిగిలితే అవి హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెండు, మూడు రెట్ల దగ్గర కొత్తగా పుట్టే శబ్దాలు), అంటే అసలు పరికరంలోని ట్యూబులూ ట్రాన్స్‌ఫార్మర్లూ చేసే పనిని ప్లగిన్ అనుకరిస్తోందన్నమాట. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఫేజ్ (సమయంలో తరంగం ఉండే స్థానం) కొంచెం జరిగినా కూడా చాలా శబ్దం మిగులుతుంది, అదంతా చెవికి తెలిసే తేడా కాదు. చివరి తీర్పు లెవెల్ సరిచేసి విన్నప్పటిదే.

ప్రశ్న: పుల్‌టెక్ తరహా ఈక్యూలో కిక్ డ్రమ్‌కి 60 హెర్ట్జ్ దగ్గర బూస్ట్ (పెంచడం), అటెన్యుయేషన్ (తగ్గించడం) రెండూ ఒకేసారి తిప్పమంటున్నారు. ఒకదాన్నొకటి కొట్టేసుకోవా?

జవాబు: నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. 1950ల నాటి పల్స్ టెక్నిక్స్ వాళ్ళ పరికరం అది, అందులో ఈక్యూ భాగం పాసివ్, అంటే తనంతట తాను సిగ్నల్‌ని పెంచలేదు. కాయిల్స్, కెపాసిటర్లు, రెసిస్టర్లతో నడిచే ఆ సర్క్యూట్‌లో సిగ్నల్ బలం తగ్గిపోతుంది, దాన్ని వెనకాల ఒక ట్యూబ్ ఆంప్లిఫయర్ మళ్ళీ పైకి తెస్తుంది. బూస్ట్‌కీ అటెన్యుయేషన్‌కీ సర్క్యూట్‌లు వేరు. ఫ్రీక్వెన్సీ స్విచ్ ఒకటే అయినా రెండు కర్వ్‌లూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవు. అటెన్యుయేషన్ కొంచెం పై ఫ్రీక్వెన్సీల దాకా లాగుతుంది. అందువల్ల రెండూ తిప్పితే కింద బేస్ లేస్తుంది, దాని పైన లో-మిడ్ దగ్గర ఒక పల్లం పడుతుంది. కిక్‌లో డబ్బా మోగినట్టుండే బొంగు శబ్దం సాధారణంగా ఉండేది ఆ పల్లం పడిన చోటే, అందుకే కిక్ ఒకేసారి బరువుగానూ శుభ్రంగానూ అవుతుంది.

మామూలు ఈక్యూతో కూడా దీనికి దగ్గరగా రావచ్చు. 60 దగ్గర లో షెల్ఫ్ (ఆ కిందున్నదంతా కలిపి పెంచే కర్వ్) ఎత్తండి, 200 నుంచి 300 మధ్య వెడల్పాటి బెల్‌తో (ఒక చోటు చుట్టూ మాత్రమే మార్చే గంట ఆకారపు కర్వ్‌తో) రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. ఒకసారి చేతులతో ఇలా కట్టి చూస్తే పుల్‌టెక్ నాబ్ తిప్పినప్పుడు ఏం జరుగుతోందో అర్థమవుతుంది, ఆ తర్వాత తిప్పడంలో గుడ్డితనం ఉండదు. కాకపోతే బేస్ గిటార్‌కీ కిక్‌కీ రెండింటికీ ఒకే 60 దగ్గర ఇది చేయకండి, రెండూ ఒకే చోటికి వచ్చి కొట్టుకుంటాయి.

ప్రశ్న: నీవ్ 1073 అనే పాత ఈక్యూ మాడ్యూల్ లాంటి వాటిలో మిడ్ బ్యాండ్‌కి ఆరే ఫ్రీక్వెన్సీలు. ఇంత తక్కువతో పని ఎలా జరుగుతుంది?

జవాబు: జరుగుతుంది. 1970లో వచ్చిన ఆ మాడ్యూల్‌లో మిడ్‌కి 360, 700 హెర్ట్జ్, ఆ పైన 1.6, 3.2, 4.8, 7.2 కిలోహెర్ట్జ్ ఉంటాయి, హై షెల్ఫ్ 12 కిలోహెర్ట్జ్ దగ్గర కదలకుండా ఉంటుంది. గ్రాఫ్ చూస్తూ 3.1నా 3.3నా అని గంట గడపడం ఇక్కడ కుదరదు, తిప్పి విని ముందుకు వెళ్ళాలి. గదిలో 412 హెర్ట్జ్ దగ్గర ఏదో మోగుతుంటే మాత్రం దీన్ని నమ్ముకోకండి. ముందు మామూలు డిజిటల్ ఈక్యూతో ఆ ముల్లు తీసేసి, తర్వాత దీనితో రంగు వేయండి, నేను పాటించే వరుస ఇదే. ఏపీఐ కంపెనీ 550 ఈక్యూ తరహావి ఇంకో రకం. వాటిలో కొంచెం ఎత్తితే కర్వ్ వెడల్పుగా ఉంటుంది, ఎక్కువ ఎత్తేకొద్దీ సన్నబడుతుంది. డ్రమ్స్ మీద ధైర్యంగా తిప్పినా పక్కనున్నవి అంతగా చెడకపోవడానికి కారణం అదే.

ప్రశ్న: అనలాగ్ ఈక్యూ ఫేజ్ మారుస్తుంది కాబట్టే వెచ్చగా ఉంటుందట కదా?

జవాబు: మామూలు డిజిటల్ ఈక్యూ కూడా ఫేజ్ మారుస్తుంది, ఒకే కర్వ్ అయితే దాదాపు అంతే మారుస్తుంది. మార్చనివి లీనియర్ ఫేజ్ ఈక్యూలు, వాటికి వేరే ఇబ్బంది ఉంది: డ్రమ్ దెబ్బకి ముందే చిన్న నీడలా శబ్దం రావచ్చు. వెచ్చదనాన్ని కర్వ్‌లోనూ హార్మోనిక్స్‌లోనూ వెతకండి.

ప్రశ్న: పది ట్రాక్‌ల మీద ఇలాంటి ప్లగిన్ పెట్టాను. విడిగా వింటే బాగున్నాయి, కలిపితే పైన గరుకుగా ఉంది. టెన్షన్ వస్తోంది, ఏం చేయను?

జవాబు: టెన్షన్ పడకండి, రెండు చోట్ల చూడండి. మొదటిది లోపలికి వెళ్ళే లెవెల్. చాలా ప్లగిన్‌లలో మైనస్ 18 డీబీఎఫ్‌ఎస్‌ని (డిజిటల్‌లో గరిష్ఠ స్థాయికి 18 డెసిబెల్స్ కింద) పాత మీటర్ మీది సున్నాగా తీసుకుంటారు. మీ ట్రాక్‌లు మైనస్ 6 దగ్గర ఆడుతుంటే ప్రతి ప్లగిన్‌నీ అవసరానికి మించి శాచురేట్ చేస్తున్నట్టే (ఎక్కువ బలంతో తోసి గరుకు పుట్టిస్తున్నట్టే), అది పదిసార్లు కలుస్తోంది. రెండోది అలియాసింగ్. 44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు ఉన్న సెషన్‌లో దానిలో సగం, అంటే 22.05 కిలోహెర్ట్జ్ పైన దేనికీ చోటు లేదు. 10 కిలోహెర్ట్జ్ శబ్దానికి మూడో హార్మోనిక్ 30 దగ్గర పుడితే, అది వెనక్కి మడతపడి 14.1 దగ్గర వినిపిస్తుంది, పాటతో శ్రుతి కలవని శబ్దం అది. ప్లగిన్‌లో ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఇంకా ఎక్కువ శాంపిల్ రేటుతో లెక్కించి ఈ మడతని తగ్గించే సదుపాయం) ఉంటే ఆన్ చేయండి. కంప్యూటర్ మోయలేకపోతే సింబల్స్, వోకల్స్ మీద మాత్రం ఆన్ చేసినా చాలా తేడా వస్తుంది. పాత పరికరాల హిస్ (సన్నటి బుసలాంటి శబ్దం) కలిపే స్విచ్ ఉంటే అది ఆపేయండి, పది ట్రాక్‌ల హిస్ ఎవరికీ అక్కర్లేదు.

ప్రశ్న: కొత్తగా మొదలుపెట్టాను. వీటిలో ఏది కొనాలి?

జవాబు: ఇప్పుడే కొనకండి. టోక్యో డాన్ వాళ్ళ స్లిక్ ఈక్యూకి ఉచిత వెర్షన్ ఉంది, మూడు బ్యాండ్‌లు, దానిలోనే ఔట్‌పుట్ లెవెల్‌ని సరిచేసే సదుపాయం కూడా ఉంది. ఒక పాట మొత్తం దానితోనే మిక్స్ చేసి, అందులో దొరకనిది ఏమిటో మీకే స్పష్టంగా తెలిశాక మళ్ళీ రాయండి, అప్పుడు పేర్లతో సహా చెబుతాను.