మిలిటరీ వేలంలో వచ్చిన స్టాలియన్ (అశోక్ లేలాండ్ సైనిక లారీ) కొన్నాను, స్టార్ట్ చేసే ముందు ఏమేం చూడాలి?

మీటరులో ముప్పై వేల చిల్లర కిలోమీటర్లే ఉన్నాయి, బండి కొన్నేళ్లుగా కదల్లేదు, కొత్త బ్యాటరీలు వేసి నడుపుకుంటూ ఇంటికి తెచ్చేయొచ్చా అని అడిగారు. వద్దండీ. ట్రైలర్ మీద ఎక్కించి తెచ్చుకోండి. మాది తాడిపత్రి వైపు. క్వారీ పనికి ముందు శక్తిమాన్ (పాత మిలిటరీ లారీ), తర్వాత స్టాలియన్ వాడాం, రెండూ డిస్పోజల్‌లో, అంటే సైన్యం వద్దనుకుని అమ్మేసినప్పుడు వచ్చినవే. మిలిటరీ బండి తిరిగి అరగడం తక్కువ, నిలబడి పాడవడమే ఎక్కువ. అందుకే మన లారీలకు చూసినట్టు కిలోమీటర్లు చూసి దీని విలువ కట్టలేం. రబ్బరు, ఆయిలు, తుప్పు, ఈ మూడూ చూడాలి.

ముందు కాగితాలు. చాసిస్ నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్ ప్రింటు తీయండి, దాన్ని ఫారం 21లో ఇచ్చిన అసలు సేల్ సర్టిఫికెట్‌తో ఒక్కో అంకె సరిపోల్చండి. మాజీ సైనిక వాహనం రిజిస్ట్రేషన్‌కు జిరాక్సు చాలదు, ఒరిజినలే కావాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలను తుక్కు చేయాలన్న నిబంధన ఉంది. రక్షణ అవసరాల ప్రత్యేక వాహనాలకు అందులో మినహాయింపు ఉన్నా, మీ బండి నడపడానికి అమ్మిందా, తుక్కుగా అమ్మిందా అన్నది ఆ కాగితంలోని మాటను బట్టే తేలుతుంది. దాన్ని ఆర్టీవో ఆఫీసులో చూపించాకే మెకానిక్కు మీద ఖర్చు పెట్టండి. బండి మీద బాణం గుర్తుతో పాత మిలిటరీ నంబరు ఇంకా కనిపిస్తుంటే, బాణం తర్వాతి రెండంకెలు సైన్యం దాన్ని తీసుకున్న సంవత్సరం. రంగు కూడా మార్చాల్సిందే. ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకు తప్ప ఎవరికీ కుదరదని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. కుర్రాళ్లు ముచ్చటపడి అదే రంగు మళ్లీ కొట్టిస్తుంటారు, పట్టుకుంటే గొడవ.

ఇక బండి. ఇంజిను, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక ఇరుసులకు శక్తి పంచే పెట్టె), ముందు వెనక హౌసింగులు (ఇరుసుల మధ్య గేర్లుండే గుండ్లు), వీటి కింది ప్లగ్గులు పూర్తిగా తీయకుండా కాస్త వదులు చేయండి. ఇన్నేళ్లు కదలకుండా ఉంది గనుక నీళ్లుంటే అడుగునే చేరి ఉంటాయి, మొదట అవే కారతాయి. ఒకసారి స్టార్ట్ చేసి తిప్పారంటే నీళ్లూ ఆయిలూ మజ్జిగలా కలిసిపోతాయి, అప్పుడు ఎంత నీరుందో తేల్చలేం. ఈ బండ్లు వాగుల్లో దిగినవి. వేడెక్కిన హౌసింగు చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని సీళ్ల సందులోంచి, బ్రీదర్‌లోంచి (లోపలి గాలి ఆడే చిన్న దారి) నీటిని లాగుతుంది. బ్రీదర్లు విప్పి శుభ్రం చేయించండి, అవి మూసుకుపోతే కొత్త సీలు వేసినా మళ్లీ కారుతుంది. ప్లగ్గుకు అంటిన ఇనుప పొడి మెత్తగా ఉంటే భయం లేదు, పలుకులు కనిపిస్తే విప్పాల్సిందే.

డీజిల్ ట్యాంకు దించి కడిగించండి. పాత డీజిల్‌లోని చెత్తను ఫిల్టర్లు ఆపుతాయిలే అని నమ్మకండి.

ఇప్పుడు ఇంజిను. సెల్ఫ్ కొట్టేముందు బారు వేసి చేత్తో ఓ చుట్టు తిప్పి చూడండి. తర్వాత స్టాపర్ (ఇంజిను ఆపే తీగ) లాగి పట్టుకుని, ఇంజిను అందుకోకుండా, మధ్యమధ్య ఆపుతూ సెల్ఫ్ తిప్పితే ఆయిలు పైకి ఎక్కుతుంది. అన్నిటికన్నా ముఖ్యం పంపు. ఏళ్ల తరబడి వాడని డీజిల్ పంపులో ర్యాకు, అంటే ఎంత డీజిల్ పోవాలో సర్దే కడ్డీ, జిగురు పట్టి బిగుసుకుపోతుంది. అది ఎక్కువ డీజిల్ ఇచ్చే వైపు బిగిసి ఉంటే స్టార్ట్ అయిన మరుక్షణం ఇంజిను అరుచుకుంటూ పైకి లేస్తుంది. స్టాపర్ లాగినా ఆగదు, తాళం తీసినా ఆగదు. మా షెడ్డులో శక్తిమాన్ అలాగే లేచింది. ఎయిర్ క్లీనర్ పైపు ముందే ఊడదీసి, పక్కన ఫిట్టర్ చెక్క పట్టుకుని సిద్ధంగా ఉండబట్టి గాలి దారి మూసేశాడు, ఆగింది. చెక్కే వాడాలి. చెయ్యి, గుడ్డ పెట్టకూడదు, లాగేస్తుంది. సెల్ఫ్ ముట్టుకునే ముందే పంపు పక్క మూత తీసి ర్యాకు చేత్తో అటూ ఇటూ కదులుతోందో లేదో చూస్తే ఈ గండమే ఉండదు.

క్లచ్చు ప్లేటు ఫ్లైవీలుకు తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు, గేరు పడకపోతే గేర్‌బాక్సును తిట్టకండి. వైరింగు ఎలుకలు కొరికి ఉంటాయి. కాన్వాయ్ లైటు, అంటే వెనక హౌసింగు మీది తెల్ల రంగును వెలిగించే చిన్న దీపం, దాని వైర్లు చాలాసార్లు ఊరికే తెగి వేలాడుతూ చాసిస్‌కు తగిలి షార్టు చేస్తాయి. బ్యాటరీలు కలిపే ముందు ఆ కొసలు మూసేయండి.

బ్రేకుల్లో పిసినారితనం వద్దు. చక్రాలకు అడ్డాలు పెట్టి, ఎయిర్ ఎక్కించి, ఇంజిను ఆపి గేజి పడిపోతోందేమో చూడండి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే ఇంకొకరు పక్కన కూర్చుని ఎక్కడ ఈల వేస్తోందో వినాలి. బూస్టర్లలో (గాలితో బ్రేకును తోసే డబ్బాలు) డయాఫ్రములు, రబ్బరు గొట్టాలు ఎలా ఉన్నా మార్చేయండి. డ్రమ్ములు నాలుగూ విప్పించండి.

టైర్ల మీది గాడులు నిండుగా కనిపిస్తాయి, మోసపోకండి. పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి: 1109 అంటే 2009లో పదకొండో వారం. గోడ మీద నెర్రెలుంటే ఎంత కొత్తగా ఉన్నా బరువుకు పనికిరాదు. రిమ్ములు లాక్ రింగువైతే (టైరును పట్టి ఉంచే విడి ఇనుప రింగు ఉన్నవి) ఇంకా జాగ్రత్త. తుప్పు పట్టిన రింగు గాలి కొట్టేటప్పుడు ఎగిరి మనుషుల ప్రాణాలు తీసిన సంగతి ఏ పంక్చరు షాపులో అడిగినా చెబుతారు. చక్రానికి గొలుసు చుట్టి, పొడవాటి పైపుతో పక్కకు నిలబడి గాలి కొట్టాలి.

స్టాలియన్‌తో ఒక సుఖం, ఇంజిను సామాను లేలాండ్ బండ్లు బాగుచేసే ఊళ్లలో దొరుకుతుంది. ముందు హౌసింగు, ట్రాన్స్‌ఫర్ కేసు సామానుకే తిరగాలి. డిస్పోజల్ సామాను అమ్మేవాళ్ల దగ్గర గానీ, ఢిల్లీలో పాత బండ్ల సామాను అమ్మే మాయాపురిలో గానీ వెతకాలి. అందుకే ముందు చక్రాలు రెండూ లేపి స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి, కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన పిన్ను) ఊగుతోందా, చక్రం తిప్పుతుంటే లోపలి జాయింటు టక్కుమంటోందా వినండి. ఇంకా కొనని వాళ్లయితే ధర తగ్గించమని అడగాల్సింది ఇక్కడే.

మొదటి పరుగు మట్టి నేల మీద చేయండి. ఫోర్ వీల్ అక్కడే వేసి తీయండి, గట్టి తారు రోడ్డు మీద వేస్తే జాయింట్లు మెలిపడతాయి. కాసేపు నడిపి దిగి హబ్బుల మీద చెయ్యి పెట్టి చూడండి. నాలుగింటిలో ఒకటే కాలుతుంటే ఆ బేరింగు గానీ ఆ బ్రేకు గానీ విప్పండి. కొత్తగా పోసిన గేరాయిలును కొద్ది రోజుల్లోనే మళ్లీ దించేయండి, మూలల్లో మిగిలిన నీళ్లూ తుప్పూ ఆ రెండో విడతలోనే బయటకొస్తాయి.