నేలమీద గీత తప్పితే పైలట్ కాలేడా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ తర్వాత పైలట్ శిక్షణలో చేరాడు. నాలుగు పాఠాలైనా టాక్సీయింగ్‌లో, అంటే విమానాన్ని నేలమీద నడపడంలో, పసుపు గీత మీద విమానాన్ని నిలపలేకపోతున్నాడట. ఎన్ని గంటలు ఎగిరావని రోజూ ఫోన్‌లో అడుగుతున్నాను, జవాబు చెప్పడు. మాన్పించి బీటెక్‌లో చేర్చాలా, విదేశీ సంస్థకు మార్చాలా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీరు టాక్సీయింగ్ గురించి అడిగారు గానీ, మీ భయమంతా కట్టిన ఫీజు గురించేనని ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. నాలుగు పాఠాలకు గీత తప్పని విద్యార్థులు అరుదు. బైకుకూ కారుకూ అలవాటుపడిన చేతులు నేలమీద కూడా యోక్‌నే (స్టీరింగ్ లాంటి చేతి పిడినే) తిప్పుతాయి. కానీ శిక్షణకు వాడే సెస్నా 172 అనే చిన్న విమానంలో ముందు చక్రం పాదాల కింది రడ్డర్ పెడళ్ల మాట వింటుంది, అదీ సుమారు 10 డిగ్రీల వరకే, అంతకు మించి తిరగాలంటే ఆ వైపు బ్రేకును కాస్త నొక్కాలి. అందుకే కొందరు శిక్షకులు మొదట్లో విద్యార్థి ఎడమ చేతిని ఒడిలో పెట్టించి, మడమలు కింద ఆనించి, కాళ్లతోనే నడపమంటారు. గాలి ముందు పక్క నుంచి వస్తే యోక్‌ను గాలి వైపుకూ, వెనుక పక్క నుంచి వస్తే గాలికి ఎడంగానూ తిప్పి ఉంచడం ఆ తర్వాతి పాఠం.

కదలగానే బ్రేకులు పరీక్షించడం, వడివడిగా నడిచే మనిషి వేగం దాటకపోవడం, ముందు థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచే, తగ్గించే మీట) తగ్గించి ఆ తర్వాతే బ్రేకు వేయడం, రన్‌వే ముందు రెండు నిండు పసుపు గీతలు కనబడితే అనుమతి లేనిదే దాటకపోవడం కూడా ఇక్కడే అబ్బాలి. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో, పొగమంచులో ఒక విమానం రన్‌వే మీద టాక్సీ చేస్తుండగానే మరొకటి అనుమతి లేకుండా టేకాఫ్ మొదలుపెట్టడంతో 583 మంది చనిపోయారు. కమర్షియల్ లైసెన్సుకు కావలసిన 200 గంటలను మీరు వడ్డీ లెక్కలా రోజూ అడుగుతుంటే, ఆ కుర్రవాడు తొందరపడి థ్రాటిల్ పెంచక ఏం చేస్తాడు? దయచేసి ఆ ఫోన్లు మానండి.

విదేశాల్లో గంటలు త్వరగా పూర్తికావచ్చు, కానీ తిరిగొచ్చాక దాన్ని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సుగా మార్పించుకునే పని ఉంటుంది. పెడళ్లు అక్కడా ఇవే. చేరకముందు అడిగి ఉంటే, ఈ పైలట్ మోజు మీద నా అనుమానాలు చెప్పేవాణ్ణి: లైసెన్సు వచ్చినంత మాత్రాన ఉద్యోగం రాదు, టైప్ రేటింగ్‌కు (ఒక్కో రకం పెద్ద విమానం నడిపే అర్హతకు) మళ్లీ లక్షలు పోయాలి, నియామకాలు మందగించిన ఏళ్లలో లైసెన్సు పట్టుకుని ఇంట్లో కూర్చున్నవారిని నేను చూశాను. కానీ ఇప్పుడు చేరాడు కదా, బీటెక్ మాట కనీసం మొదటి సోలో (శిక్షకుడు లేకుండా ఒంటరిగా ఎగరడం) దాకా ఎత్తకండి. ఈలోగా శిక్షకుణ్ణి ఒక్కటే అడగండి: గీత తప్పినప్పుడు ఆయన తన పెడళ్లతో ఎన్నిసార్లు సరిదిద్దవలసి వస్తోందో. పాఠం పాఠానికి ఆ లెక్క తగ్గుతుంటే మీ అబ్బాయి నేర్చుకుంటున్నట్టే.