పది నిమిషాల్లో లెక్కలు అయిపోయే పిల్లవాడి తల్లికి

కందుకూరు

అమ్మడూ,

రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పినవన్నీ ఇంకా మనసులోనే తిరుగుతున్నాయి. తొందర తొందరగా చెప్పి ఫోన్ పెట్టేసే మాటలు కావివి, అందుకే కూర్చుని రాస్తున్నా.

‘శ్రద్ధ లేదు, పక్కవాళ్ళను డిస్టర్బ్ చేస్తున్నాడు’ అని టీచరు మీవాడి డైరీలో రాసింది చూసి నీకు ఏడుపొచ్చిందన్నావు. మార్కులేమో వందకి 98. ఇవి రెండూ ఎట్టా కలుస్తాయని అడిగావు. కలుస్తాయి తల్లీ. 40 నిమిషాల పీరియడ్‌లో వాడి లెక్కలు 10 నిమిషాల్లో అయిపోతే మిగతా అరగంట ఆ బిడ్డ ఏం చెయ్యాలి? వాడికి పొగరూ లేదు, చెడు సావాసమూ లేదు, చేసేందుకు పని లేదు, అంతే. క్లాసులో గోల చేసే పిల్లకాయల గురించి నాకంత దిగులుండదు. గోల చేస్తున్నాడంటే ఇంకా ఏదో కావాలని అడుగుతున్నట్టే. నాకు భయమేసేది నెమ్మదిగా ఉండటం నేర్చుకున్న వాళ్ళను చూస్తే.

ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పాను కదా, మొదటి సంవత్సరాల్లోనే ఒక పిల్ల విషయంలో తప్పు చేశాను. వాళ్ళ అమ్మానాన్నలు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనికి పోయేవాళ్ళు. ఆ పిల్ల అందరికంటే ముందు లెక్కలు చేసేసి పుస్తకం తెచ్చి చూపించేది. నేనేమో ‘అయిపోయిందా? అయితే ఇంకో పది చెయ్’ అనేదాన్ని. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. నెల తిరిగేసరికి ఆ పిల్ల ముందు రావడం మానేసింది. వెనకబడిపోయిందేమో అనుకున్నా. ఒకరోజు బెంచీల మధ్య నడుస్తూ చూస్తే, లెక్కలన్నీ చేసేసి, కనపడకుండా మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. మిగతావాళ్ళు పుస్తకాలు మూసిందాకా అట్టాగే కూర్చుంది. తొందరగా చేస్తే దొరికేది ఇంకో పది లెక్కల బరువేనని ఆ పిల్లకు నేర్పింది నేనే. అదే రకం లెక్కలు ఇంకో పది ఇవ్వడం వేరు, కష్టమైన లెక్క ఒక్కటి ఇవ్వడం వేరు. ఈ తేడా ఆరోజు నాకు తెలిసింది. నీ ఇంట్లో కూడా ఇదే జరక్కుండా చూసుకో.

ఇక మావాడు, మీ అన్న సంగతి. నీకు సగమే తెలుసు, మిగతా సగం ఇప్పుడు చెప్తున్నా. పదో తరగతి దాకా వాడు పుస్తకం పట్టుకున్నట్టే ఉండేది కాదు, ఫస్టు వచ్చేవాడు. ‘మావాడు చదవకుండానే ఫస్టు’ అని చుట్టాలందరికీ చెప్పుకున్నాను. ఇంటర్‌కి హాస్టల్లో వేశాం. అక్కడ మొదటిసారి ఒక లెక్క గంటసేపు కూర్చున్నా రాలేదు. మామూలు పిల్లలు అట్టాంటి గంటలు ఎన్నో చూసి ఉంటారు. వాడు ఒక్కటీ చూడలేదు. వారం వారం పెట్టే పరీక్షల మార్కులు దాచిపెట్టాడు. దసరాకి ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుని, ‘నాకు బుర్ర లేదమ్మా, ఇన్నాళ్ళూ అందరూ అబద్ధం చెప్పారు’ అన్నాడు. పదహారేళ్ళ పిల్లవాడు. నేను లెక్కల టీచర్ని. ఊళ్ళో పిల్లలందరికీ లెక్కలు చెప్పి, నా బిడ్డను మాత్రం చేతగాని లెక్క ముందు ఒక్కరోజు కూడా కూర్చోబెట్టలేదు. వాడు మళ్ళీ నిలదొక్కుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు బాగానే ఉన్నాడు, నీకు తెలుసు. కానీ ఆ రెండేళ్ళు నేను మర్చిపోలేను.

అందుకని నేను చెప్పేది ఒకటే. మీవాడికి బడిలో విసుగు పుడుతోందని నువ్వు బాధపడుతున్నావు. అంతకంటే పెద్ద నష్టం, రానిదాని ముందు కూర్చునే అలవాటు వాడికి బడిలో దొరకట్లేదు. అది నువ్వు ఇంట్లో ఇవ్వాలి. రోజుకి ఒక్కటి చాలు, ఇరవై నిమిషాలు చాలు. వెంటనే రాని లెక్కో, పజిలో, పొడుపు కథో ఏదైనా సరే. జవాబు రాకపోతే రేపటికి ఉంచు. ఎల్లుండికైనా ఉంచు. జవాబు మాత్రం చెప్పొద్దు.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఏం జరిగిందో నువ్వు వంటింట్లో ఉండి చూడలేదు. తెల్లవారుజామున నేను వాకిట్లో చుక్కలు పెడుతుంటే వచ్చి పక్కన గొంతు కూర్చున్నాడు. ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు. మొత్తం ఎన్ని చుక్కలు రా’ అన్నా. అంటే మధ్య వరసలో 15, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గుతూ 8 దాకా. వరసలు కలుపుకుంటూ పోయి నిమిషంలో 169 అన్నాడు. ఇంకేదైనా అడుగు అన్నట్టు చూశాడు. ‘సరే, చిన్న ముగ్గులకు కూడా చెప్పు’ అన్నాను. ఒక్క చుక్కయితే 1. 3 నుంచి 2 వరకు అయితే 7. 5 నుంచి 3 వరకు 19. 7 నుంచి 4 వరకు 37. సుద్దముక్కతో అరుగు మీద రాసుకుంటూ పోయాడు. ‘ఇప్పుడు వాటిని మొదటి నుంచి కూడుతూ రా’ అన్నాను. 1. 1, 7 కలిపితే 8. దానికి 19 కలిపితే 27. 37 కలిపితే 64. అక్కడ ఆగిపోయాడు. ‘అమ్మమ్మా, ఇవి ఘనాలు కదా!’ అన్నాడు. 1, 2, 3, 4 ఘనాలు. 15 చుక్కల ముగ్గు దాకా అన్నీ కూడితే 512, అది 8 ఘనం. ఆ మొహం నువ్వు చూసుండాల్సింది.

అప్పుడు అడిగాను, ‘ఎందుకట్టా వస్తున్నాయి?’ అని. కాసేపు చూశాడు, రాలేదు. ఇంకాసేపు చూశాడు, కోపమొచ్చింది. సుద్దముక్క విసిరేసి ‘ఇది పిచ్చి ముగ్గు’ అని లోపలికి పోయాడు. నేను పిలవలేదు. ఓదార్చలేదు, జవాబూ చెప్పలేదు. సాయంత్రం పిల్లలందరూ గాలిపటాలు ఎగరేస్తుంటే వీడొక్కడూ అరుగు దగ్గరకొచ్చి మళ్ళీ ఆ అంకెల్నే చూస్తున్నాడు. అమ్మడూ, ఆ ‘మళ్ళీ’ కోసమే మన తాపత్రయమంతా. విసిరేసిన సుద్దముక్క మళ్ళీ వాడంతట వాడే ఏరుకోవాలి.

ఒక పలక కొనిపెట్టు. మార్కాపురం పలకలు నెల్లూరులో దొరక్కపోతే చెప్పు, నేను పంపిస్తా. ఇట్టాంటి పిల్లలకు నోటుపుస్తకంలో కొట్టివేత కనపడితే అవమానం, మరక లేని పేజీ కావాలి వాళ్ళకు. పలక మీద అయితే చెరిపేసి ఇంకో దారి పట్టొచ్చు, ఎవరూ చూడరు. మెచ్చుకునేటప్పుడు కూడా ‘నా బంగారం, ఎంత తెలివో’ అనడం తగ్గించు. ‘ఎక్కడ ఆగావు? తర్వాత ఏం చేసి చూశావు?’ అని అడుగు. తెలివిని పొగిడీ పొగిడీ నేనేం తెచ్చుకున్నానో పైన రాశాను.

బడికి పోయి మాట్లాడతానన్నావు. తప్పకుండా పో, కానీ ‘మీరు చెప్పేది మావాడికి చాలడం లేదు’ అని మొదలుపెట్టొద్దు. నలభై మంది పిల్లల్ని పట్టుకుని ఉన్న మనిషికి ఆ మాట గుచ్చుకుంటుంది, ఆ తర్వాత నువ్వు ఏం చెప్పినా చెవికెక్కదు. ‘వాడివల్ల మీకు ఇబ్బందిగా ఉందని తెలిసింది, క్షమించండి. పని అయిపోయాక మాట్లాడకుండా వేరే పుస్తకంలో లెక్కలు చేసుకుంటాడు, కూర్చోనివ్వండి’ అని అడుగు. ఆ పుస్తకం నువ్వే ఇచ్చి పంపు. ఏ టీచరైనా దీనికి కాదనదు. ఇంకొక సంగతి, మిగతా పిల్లలకు చెప్పే పని వీడికి అప్పజెప్తే అప్పుడప్పుడు మంచిదే, చెప్తేనే తెలిసింది గట్టిపడుతుంది. రోజూ అదే పనిగా పెడితే మాత్రం మర్యాదగా వద్దని చెప్పు. వాడు కూడా నేర్చుకోడానికే బడికి వస్తున్నాడు.

కోచింగ్ వాళ్ళ ఫౌండేషన్ బ్యాచ్ గురించి అడిగావు. నాకు ఇష్టం లేదు. ఐదో తరగతి పిల్లకాయకు ఎనిమిదో తరగతి సూత్రాలు బట్టీ పట్టించడం పైకి మాత్రమే కష్టంగా కనపడుతుంది. ఎనిమిదికొచ్చేసరికి వాడికి మళ్ళీ అదే విసుగు. ముందుకి లాగొద్దు, లోతుకి దించు. క్లాసు దాటించడం కూడా అంతే. ఇప్పుడు ఒక ఏడాది మిగిలించినా, డాక్టరు చదువుకి రాసే నీట్‌కి, చేరే ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్ళు నిండాల్సిందే కదా, అక్కడ మళ్ళీ ఆగుతాడు. ఈలోగా తనకంటే పెద్దపిల్లల మధ్య ఆటల్లో, మాటల్లో ఒంటరి అయిపోతాడు.

నవోదయ పరీక్ష మాత్రం రాయించు. ఐదో తరగతిలో ఒక్కసారే అవకాశం. 80 ప్రశ్నలు, 2 గంటలు, అందులో సగం బొమ్మల మీద బుర్రకు పదునుపెట్టేవే, వీడికి పండగలా ఉంటాయి. సీట్లలో ముప్పాతిక పల్లెటూరి పిల్లలకే పోతాయి కాబట్టి నెల్లూరు టౌన్‌లో చదివేవాడికి పోటీ గట్టిగానే ఉంటుంది. సీటు వచ్చినా మర్రిపాడు దగ్గర కృష్ణాపురంలో హాస్టల్లో ఉండాలి. పదేళ్ళ బిడ్డ, వాడికి ఇష్టమైతేనే పంపు. ఎనిమిదికి వచ్చాక ఐఓక్యూఎం అని గణిత ఒలింపియాడ్‌కి మొదటి మెట్టు ఉంది. 30 లెక్కలకు 3 గంటలు ఇస్తారు. ఒక్కో లెక్కకు ఆరు నిమిషాలు ఇస్తున్నారంటేనే అది బడి పరీక్షలాంటిది కాదని అర్థం చేసుకో. దానికి ఇప్పటినుంచీ కోచింగ్ అక్కర్లేదు, కూర్చునే అలవాటుంటే చాలు.

‘నాకు లెక్కలు రావు పెద్దమ్మా, వాడికి నేనేం ఇవ్వగలను’ అన్నావు చూడు, ఆ మాట తీసెయ్. ఈసారి శ్రీహరికోటలో పీఎస్ఎల్‌వీ రాకెట్ పైకి పోతుంటే మీ డాబా ఎక్కి ఇద్దరూ చూడండి. అది మొదట ఆగ్నేయం వైపు పోయి తర్వాత దక్షిణానికి వంకర తిరుగుతుంది. నేరుగా పోతే ఇంధనం మిగులుతుంది కదా, ఎందుకు తిరగాలి? అట్లాసు తీసి వాడినే వెతకమను. శ్రీహరికోట నుంచి నేరుగా దక్షిణానికి గీత గీసుకుంటూ పోతే దారిలో శ్రీలంక అడ్డం వస్తుంది, జనం మీదుగా పోకూడదు కాబట్టే ఆ వంకర. వాడు కనుక్కునేదాకా నువ్వు చెయ్యాల్సింది పక్కన కూర్చోవడమే. ‘నాకూ తెలీదు, చూద్దాం పద’ అనే అమ్మ దొరకడం ఇట్టాంటి పిల్లలకు పెద్ద భాగ్యం.

అక్షరాలు కోడిగీతల్లా ఉన్నాయని తిడుతున్నావంట. వాడి బుర్ర పోయినంత వేగంగా చెయ్యి పోలేదు, కొంచెం ఓర్చుకో. క్యారమ్స్‌లో ఓడిపోయి ఏడ్చాడని నవ్వొద్దు కూడా. బుర్ర పద్నాలుగేళ్ళదైనా ఏడుపు పదేళ్ళదే. వారానికి రెండుసార్లు ఓడిపోయే ఆట ఏదో ఒకటి ఉండనీ. వీణో, మృదంగమో నేర్పిస్తానంటే ఇంకా మంచిది, అక్కడ ఎంత తెలివైనా పది నిమిషాల్లో రాదు.

ఆ ముగ్గు లెక్క వాడింకా వదల్లేదు, తెలుసా? మొన్న ఆదివారం నీ ఫోన్ నుంచే చేసి ‘అమ్మమ్మా, చెప్పొద్దు, నేనే చూస్తా’ అని పెట్టేశాడు. ఒక పని చెయ్. షాపులో చక్కెర క్యూబ్‌ల పెట్టె ఒకటి తెచ్చి వాడి బల్ల దగ్గర ఊరకే పెట్టు. ఎందుకని అడిగితే టీలోకి అని చెప్పు. 27 క్యూబ్‌లు పేర్చి మూల మీద నుంచి చూడాలనే ఆలోచన వాడికే రావాలి.

మీ పెద్దమ్మ