వర్షారణ్యంలో ఒక్క రోజు: మేనకోడలికి ఉత్తరం

చి. సుజాతకు,

మామయ్య ఆశీస్సులు.

గైడుతో కలిసి ఒక రోజు వర్షారణ్యం చూసి రావాలనుకుంటున్నామని, ఏ దేశంలో అన్నది ఇంకా తేలలేదని రాశావు. ఏమేం సర్దుకోవాలో జాబితా పంపమన్నావు. జాబితాదేముంది, ఎవరైనా ఇస్తారు. అంతకంటే ముందు, అసలు ఏం చూడ్డానికి వెళ్తున్నారో మీ ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. చూడాల్సిన జంతువులంటూ బాబు ఒక పేజీ నింపాడని రాశావు చూడు, చిక్కంతా ఆ పేజీతోనే.

వర్షారణ్యంలో జంతువులు లేక కాదు, అవి మనకు అందవు. ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే అడవి అది. చెట్ల కొమ్మలన్నీ 30, 40 మీటర్ల ఎత్తున కలిసిపోయి పందిరి వేస్తాయి. ఎండలో నూటికి రెండు పాళ్ళు కూడా నేలదాకా దిగదు. ఆకులు, పూలు, పళ్ళు అన్నీ పైనే, వాటిని తినే కోతులూ పక్షులూ కూడా పైనే. నేలమీద తిరిగే పెద్ద జంతువులకు మన మాటలు, మన చెమట వాసన ముందే తెలిసిపోతాయి. టీవీలో గంటసేపు కనిపించే దృశ్యాల కోసం కెమెరావాళ్ళు నెలల తరబడి కాచుకుని ఉంటారని బాబుకి చెప్పు. ఒక్క రోజులో ఒక్క కోతుల గుంపు కనబడినా అదృష్టమే అనుకుని బయల్దేరితే ఉసూరుమంటూ తిరిగి రారు.

మరి ఆ రోజంతా ఏం చేస్తారంటే, గైడు కళ్ళతో చూస్తారు. మీరు డబ్బు పెట్టేది దారి చూపించడానికని అనుకోవద్దు, బాట ఎలాగూ ఉంటుంది. అతను రోజూ నడిచే చోట నిన్నటికీ ఇవాళ్టికీ తేడా అతనికి తెలుస్తుంది. ఏ చెట్టు పండింది, ఏ గూడులో పిల్లలున్నాయి, ఆ అరుపు ఎవరిది, ఎందుకు అరిచింది అన్నది వినగానే చెప్పేస్తాడు. అందుకే ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన గైడు దొరికితే వదులుకోకు, ఇంగ్లిష్ తక్కువ మాట్లాడినా సరే.

బుక్ చేసే ముందు ఫోన్‌లో నాలుగు ప్రశ్నలడుగు. గుంపులో ఎంతమంది? ఆరేడుగురు మించితే నా మాట విని వేరేది చూసుకో. ఇరవైమంది వెనక నడిస్తే కనబడేది ముందున్నవాళ్ళ వీపులే. ఎంత దూరం నడిపిస్తారు? పన్నెండు కిలోమీటర్లని గొప్పగా చెప్తే అది వ్యాయామం, అడవి చూడటం కాదు. నాలుగైదు గంటల్లో మూడు నాలుగు కిలోమీటర్లు చాలు. ఫలానా జంతువు గ్యారంటీ అంటున్నారా? అయితే మేత వేసి రప్పిస్తున్నారేమో కనుక్కో. రికార్డు చేసిన కూత పదే పదే వినిపించి పక్షిని పిలిచేవాళ్ళూ ఉన్నారు. పాపం ఆ పక్షి తన హద్దులోకి ఇంకోటి వచ్చిందనుకుని, గుడ్లు వదిలేసి పోట్లాటకి వస్తుంది. అలాంటి టూర్ ఎంత చవకైనా నాకు ఇష్టం లేదు.

పొద్దున్న ఎంత తొందరగా బయల్దేరితే అంత మంచిది. తెల్లవారుజామున పక్షుల సందడి ఎక్కువ, చాలా చోట్ల వాన మధ్యాహ్నం పట్టుకుంటుంది. పైగా భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడుగునా పగలు పన్నెండు గంటలే, సాయంత్రం మెల్లగా మసకబారడమంటూ ఉండదు. పందిరి కింద ఇంకా ముందే చీకటి పడుతుంది. రోజు టూరే కదా అని టార్చి ఇంట్లో వదిలేయకు.

నడిచేటప్పుడు మీరు గైడు వెనకే ఉండండి, ముందుకి మాత్రం పోవద్దు. పాము ఉంటే మొదట చూడాల్సింది అతను. అతను ఆగితే ఎక్కడి కాలు అక్కడే ఆపేయండి. "ఏంటి, ఏంటి" అని గుసగుసలాడేలోపు వచ్చింది కాస్తా వెళ్ళిపోతుంది. అతను చూస్తున్న వైపే చూడండి. బైనాక్యులర్స్ 8 రెట్లు చూపించేవి చాలు, 10 రెట్లవి చేతి వణుకుని కూడా పెద్దవి చేసి చూపిస్తాయి. కొమ్మ మీద కదలిక కనబడగానే తల దించి మెడలో వేలాడే బైనాక్యులర్స్ వెతుక్కోకు. చూపు కొమ్మ మీదే నిలిపి, వాటిని కళ్ళ దగ్గరికి తెచ్చుకో. ఈ ఒక్క అలవాటుకీ ముందు రోజు బాల్కనీలో పది నిమిషాలు ప్రాక్టీస్ చేస్తే చాలు.

మధ్యలో గంటసేపు ఏమీ కనబడదు, ఏమీ వినబడదు. అల్లుడు ఫోన్ తీసేది అప్పుడే. తీయనివ్వకు. చాలా వర్షారణ్యాల్లో పక్షులు రకరకాల జాతులవి కలిసి ఒకే గుంపుగా తిరుగుతాయి. 1988లో యునెస్కో వారసత్వ జాబితాలోకెక్కిన శ్రీలంక సింహరాజ అడవి ఇలాంటి గుంపులకు పేరుపొందింది. అక్కడ గైడు లేనిదే లోపలికి పోనివ్వరు. గుంపు రానంతసేపూ అడవి ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది, వచ్చిందంటే మాత్రం అయిదు నిమిషాల్లో ఎటు చూడాలో తెలియదు. ఆకుల మధ్య గెంతేవి కొన్ని, బెరడు మీద పాకేవి కొన్ని, అవి లేపిన పురుగుల్ని గాల్లోనే పట్టుకునే ఏట్రింత పిట్టలు కొన్ని. ఆ ఖాళీ గంట మెలకువగా ఉన్నవాళ్ళకే ఆ అయిదు నిమిషాలు దక్కుతాయి. హార్న్‌బిల్ వస్తుంటే రెక్కల చప్పుడు ముందు వినబడుతుంది, తర్వాతే పక్షి. ఆడది చెట్టు తొర్రలో గుడ్లు పెట్టి, తొర్రని లోపలినుంచి మూసేసుకుంటుంది. చిన్న సందు మాత్రం ఉంచుతుంది, మొగుడు వారాల తరబడి ఆ సందులోంచే తిండి పెట్టాలి. బాబుకి ఈ కథ చెప్పు, తన జాబితాలో కచ్చితంగా చేర్చుకుంటాడు.

పైన ఏమీ లేనప్పుడు కింద చూడండి, అసలు అడవి అక్కడే తెలుస్తుంది. అంత పచ్చదనం చూసి మట్టి చాలా సారవంతమనుకుంటారు. చాలా చోట్ల నిజానికి పేద మట్టి. రాలిన ఆకు ఆ వేడికీ తేమకీ చకచకా కుళ్ళిపోయి, అందులోని సారం మళ్ళీ వేళ్ళలోకి వెళ్ళిపోతుంది. అందుకే వేళ్ళు లోతుకి పోకుండా పైపైనే పరుచుకుంటాయి, మహావృక్షాలు మొదట్లో గోడల్లాంటి పలక వేళ్ళతో నిలదొక్కుకుంటాయి. 2019లో బోర్నియోలోని దానుమ్ లోయలో ఒక మెరాంటి చెట్టు ఎక్కి టేపుతో కొలిస్తే 100 మీటర్లు దాటింది. అలాంటిది ఒకటి కూలిందంటే పందిరికి చిల్లు పడినట్టే. ఎన్నాళ్ళనుంచో నీడలో బిక్కచచ్చి ఉన్న మొక్కలు ఆ వెలుగు కోసం పోటీపడి లేస్తాయి. అలాంటి చోటికి వచ్చినప్పుడు ఆపమని గైడుని అడుగు, అతను ఆగకపోయినా నువ్వు అడుగు. జువ్వి జాతి చెట్టొకటి ఇంకో చెట్టుని చుట్టేసి ఉండటం కూడా దాదాపు ప్రతి వర్షారణ్యంలోనూ కనిపిస్తుంది. పైన కొమ్మల్లో ఏ పక్షో వేసిన రెట్టలోని గింజ మొలిచి, వేళ్ళు కిందికి దించి, ఏళ్ళు గడిచాక లోపలి చెట్టు చచ్చి కుళ్ళిపోతే బోలు గూడు మిగులుతుంది. గైడు పరవాలేదంటే దాని లోపల నిలబడి పైకి చూడమను బాబుని.

చేతులు మాత్రం దగ్గర పెట్టుకోండి. జారినప్పుడు పక్కనున్న కొమ్మని గబుక్కున పట్టుకోవడం అందరికీ సహజం, అక్కడ అదే ప్రమాదం. ఆసియా అడవుల్లో పేము తీగ కొసలకి కొక్కేల్లాంటి వంకర ముళ్ళుంటాయి. చొక్కాకి తగులుకుంటే గింజుకోకుండా ఒక అడుగు వెనక్కి వేస్తే అదే ఊడుతుంది. దక్షిణ, మధ్య అమెరికాల్లో బుల్లెట్ చీమలు చెట్టు బోదె మీద పైకీ కిందికీ తిరుగుతుంటాయి. కుట్టే పురుగుల నొప్పికి జస్టిన్ ష్మిట్ అనే కీటక శాస్త్రవేత్త మార్కులేస్తే దీనికి వచ్చింది అన్నిటికంటే పై స్థానం. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లోనైతే జింపీ జింపీ అనే మొక్క, వెడల్పాటి హృదయాకారం ఆకులు, బాట పక్కన ఎండపడే చోటే మొలుస్తుంది. సన్నని గాజు నూగులాంటి ముళ్ళు చర్మంలో విరిగి, నొప్పి నెలల తరబడి తిరగబెడుతుంది. కనుక చేతికర్ర ఒకటి పట్టుకోండి, పడిన దుంగమీద కూర్చోబోయే ముందు దాని వెనకవైపు కూడా చూడండి. కప్పల్ని ముట్టుకోవద్దు, అది వాటి మేలు కోసం. మన చేతికున్న దోమల మందు వాటి చర్మంలోంచి నేరుగా ఒంట్లోకి పోతుంది.

జలగల గురించి భయపడుతున్నావని నాకు తెలుసు. తడి ఆకు అంచున అగ్గిపుల్లంత సన్నంగా నిలబడి, ఊగుతూ, మన ఊపిరినీ ఒంటి వేడినీ పసిగడుతుంది. తగిలాక రక్తం గడ్డ కట్టకుండా హిరుడిన్ అనే పదార్థాన్ని వదులుతుంది, అందుకే జలగ పోయాక కూడా గంటల తరబడి కారుతుంది. చూడ్డానికి ఘోరం, నొప్పి మాత్రం ఉండదు. ఉప్పు, నిప్పు పెట్టొద్దు, అది కక్కితే పుండు చెడుతుంది. సన్నగా ఉన్న మూతి వైపు గోరు ఆనించి పక్కకి తోసేయి, తర్వాత రెండో కొసని. కడిగి గట్టిగా అదిమి కట్టు కట్టు. మోకాళ్ళదాకా వచ్చే జలగ మేజోళ్ళు దొరుకుతాయి, ఆసియా అడవైతే తప్పకుండా కొనండి.

ఇక బట్టలు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు, తొడలు ఒరుసుకుపోతాయి. పలచగా ఉండి త్వరగా ఆరే పొడుగు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, కొన్నాళ్ళు వాడి కాలికి అలవాటైన బూట్లు. కొత్త బూట్లు ఆ రోజే తొడగొద్దు. రెయిన్‌కోటు ఉన్నా తడుస్తారు, చెమటతోనైనా. ఫోను, మందులు ఒక వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టి, తడిసినా పరవాలేదనుకుని నడవండి. కెమెరా ఏసీ గదిలోంచి తీయగానే అద్దం మీద ఆవిరి పడుతుంది, సంచిలోనే కాసేపు బయట ఉంచి అప్పుడు తీయాలి. దోమల మందులో డీట్ అనే రసాయనం ఉంటే కెమెరా ప్లాస్టిక్‌ని తినేస్తుంది, రాసుకున్నాక అరచేతులు తుడుచుకో. సన్‌స్క్రీన్ ముందు, ఆ మందు తర్వాత.

నీళ్ళ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఆ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. నీడలోనే ఉన్నాం కదా అనుకుంటూనే మనిషి సొమ్మసిల్లుతాడు. మనిషికి రెండు లీటర్లకు తక్కువ కాకుండా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లతో సహా పెట్టుకో. తలనొప్పి, చిరాకు మొదలైతే కూర్చోబెట్టి తాగించు. బాబు చిరాకుపడితే తిట్టేముందు నీళ్ళిచ్చి చూడు.

అందరూ పాములకి భయపడతారు గానీ నేను భయపడేది ఎండుకొమ్మలకి. గాలివాన లేస్తే గైడు ఎక్కడ నిలబడమంటే అక్కడే నిలబడండి, ఎండిన చెట్టు కింద మాత్రం కాదు. వాగు దాటేటప్పుడు ఇక్కడ ఎండగా ఉన్నా ఎగువన వాన పడుతూ ఉండొచ్చు. నీళ్ళు హఠాత్తుగా మట్టిరంగు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా ఫోటోలు మానేసి గట్టెక్కండి. గైడు వద్దంటే వద్దు, డబ్బులిచ్చాం కదా అని వాదించకండి. బాబు మెడలో ఒక ఈల వేయి. విడిపోతే వెతుక్కుంటూ నడవకూడదు, ఉన్నచోటే ఒక చెట్టు దగ్గర నిలబడి మూడు ఈలలు వేసి ఆగాలి, మళ్ళీ మూడు వేయాలి. అడవిలోకి అడుగుపెట్టే ముందే గైడు ఎదుట ఒకసారి చేయించు.

చోటు తేలగానే టీకాల డాక్టర్ని కలవండి. ఆఫ్రికా, దక్షిణ అమెరికా అడవుల్లో చాలా చోట్లకి ఎల్లో ఫీవర్ టీకా కావాలి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుంటేనే సర్టిఫికెట్ చెల్లుతుంది. మలేరియా మాత్రలు అక్కర్లేదో కావాలో వాళ్ళే చెప్తారు. గొరిల్లాలో ఒరాంగుటాన్‌లో ఉన్నచోటికి వెళ్ళేటట్టయితే జలుబున్నవాళ్ళు ఆగిపోవాలి. మన జలుబు వాటికి ప్రాణాంతకం కావచ్చు.

తిరిగొచ్చాక వేడినీళ్ళ స్నానం, చంకలు, మోకాళ్ళ వెనక, జుట్టులో పిడుదులేమైనా ఉన్నాయేమో చూసుకోవడం. బూట్ల అడుగున మట్టి అక్కడే కడిగెయ్యండి, ఒక అడవి తెగులు ఇంకో అడవికి పోయేది ఆ మట్టితోనే. ఆ తర్వాత కొన్ని నెలలు, ఏడాది దాకా అనుకో, ఎవరికి జ్వరం వచ్చినా డాక్టరు అడిగేదాకా ఆగకుండా అడవికి వెళ్ళొచ్చామని, ఏ దేశమో చెప్పండి. వాగులో దిగి ఉంటే అది కూడా చెప్పండి.

చోటు ఖాయమయ్యాక తేదీలతో సహా రాయి. అక్కడ వానలెప్పుడో చూసి చెప్తాను.

ఉంటాను,
మామయ్య