మందు పిచికారీ విమానం నడుపుతానంటున్న అబ్బాయి: ఒక తండ్రికి జవాబు

ప్రశ్న: మాది కోవూరు ప్రాంతంలో వరి పండించే కుటుంబం. ఇంటర్ ఎంపీసీ పూర్తయిన మా అబ్బాయి, విదేశాల్లో పొలాలపై మందు చల్లే విమానాలకు పైలట్ అవుతానంటున్నాడు. పల్లెల్లోని చిన్న రన్‌వేల నుంచి లేచేటప్పుడే అవి ప్రమాదాలకు గురవుతాయని విన్నాను. రెండెకరాలు అమ్మి చదివించమంటారా, డ్రోన్ కోర్సులో చేర్చమంటారా?

జవాబు: అయ్యా, పైలట్ కోర్సు గురించి అడిగే తల్లిదండ్రులు పైకి డబ్బు సంగతే మాట్లాడినా, లోపల ఉండేది బిడ్డ ప్రాణం గురించిన భయమే. ముందు దానికే సమాధానం చెబుతాను.

ఆ అపాయం చాలావరకు లెక్కకు లొంగేదే. అమెరికాలో తయారయ్యే ఎయిర్ ట్రాక్టర్ 802 అనే మందు చల్లే విమానంలో దాదాపు 3,000 లీటర్ల మందు పడుతుంది. నిండు బరువు 7 టన్నులు దాటుతుంది. చిన్న విమానాలకు వాడే స్థూలమైన లెక్క ప్రకారం బరువు 10 శాతం పెరిగితే నేల విడవడానికి కావలసిన దూరం సుమారు 20 శాతం పెరుగుతుంది. రన్‌వే తడిసి మెత్తబడినా, వెనుక నుంచి గాలి వీచినా ఇంకా పెరుగుతుంది. ఎండ సంగతి నెల్లూరు వారికి వేరే చెప్పనక్కరలేదు. 40 డిగ్రీల వేడిలో గాలి పలచబడి, సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న మన నేల మీద కూడా విమానం సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉన్నట్లే బలహీనపడుతుంది. అందుకే జాగ్రత్త తెలిసిన పైలట్ వేడిని బట్టి ట్యాంకు తగ్గించి నింపిస్తాడు. సగం రన్‌వే దాటేసరికి, పైకి లేవడానికి కావలసిన వేగంలో 70 శాతమైనా అందకపోతే ఆపేస్తాడు. లేచాక ఎత్తు అందకపోతే మందంతా క్షణాల్లో కిందికి వదిలేస్తాడు. ఇవన్నీ నేర్పితే వచ్చేవే, మీ అబ్బాయికీ వస్తాయి.

నా దిగులు మరొకటి. ట్యాంకు తగ్గిస్తే ఎక్కువసార్లు తిరగాలి, అది యజమానికి ఖర్చు. "ఈసారికి నిండుగా తీసుకెళ్లు" అని ఆయన అన్నప్పుడు కుదరదని చెప్పగలిగినవాడే క్షేమంగా ఉంటాడు. పొలం అమ్మిన తండ్రి ఈ నెల ఎంత పంపుతావని అడుగుతుంటే, ఆ కుర్రవాడు ఉద్యోగం పోతుందన్న భయం లేకుండా ఆ మాట అనగలడా? రన్‌వే పొడవు గురించి ఆరా తీసిన మీరు దీని గురించి ఒక్కసారైనా ఆలోచించి ఉండవలసింది.

పైగా ఈ పని మన దగ్గర లేదు. 1970లలో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ ఇందుకోసమే బసంత్ అనే విమానాన్ని తయారు చేసింది గాని, ఆ పరంపర నిలవలేదు. అమెరికా, ఆస్ట్రేలియాలలోనైనా కొత్త పైలట్లు చాలామంది మొదట మందు కలిపి, ట్యాంకు నింపే పనితోనే మొదలుపెడతారు. అక్కడ పనిచేసే హక్కు సంపాదించడం వేరే ప్రయాస.

డ్రోన్ మీద కూడా నాకు మోజు లేదు. పదో తరగతితో, కొద్ది రోజుల శిక్షణతో సర్టిఫికెట్ చేతికి వస్తుంది కాబట్టే అందరూ అటు ఎగబడుతున్నారు. వరికైనా ప్రకాశం మిర్చికైనా పిచికారీ సీజన్‌లోనే ఉంటుంది. మిగతా నెలల సంపాదన ఏమిటో ప్రకటనల్లో ఎవరూ చెప్పరు. మందు మోతాదు, గాలికి అది పక్క చేలోకి కొట్టుకుపోయే తీరు తెలియనివాడికి ఆ సర్టిఫికెట్ పెద్దగా అక్కరకు రాదు.

అబ్బాయిని ఇంజనీరింగ్‌లోనో డిగ్రీలోనో చేర్చండి. డ్రోన్ శిక్షణ సెలవుల్లో చేయవచ్చు. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ గుర్తించిన వైద్యుల దగ్గర, పైలట్ కావడానికి అవసరమైన క్లాస్ 2, ఆపైన క్లాస్ 1 వైద్య పరీక్షలు చేయించండి. అవి నెగ్గి, రెండు మూడేళ్ల తర్వాత కూడా ఇదే కోరిక ఉంటే అప్పుడు బ్యాంకు రుణం, ఫీజుల లెక్కలతో మళ్లీ రాయండి. అంతవరకు పొలం అమ్మకండి.